మిగిలిన 150 మిల్లీలీటర్లు

సంక్రాంతికి కొనకనమిట్ల వైపు వచ్చే బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. వాన పడితే కంది, మిరప, పొగాకు. పడకపోతే హైదరాబాదు, బెంగళూరు. పడమటి ప్రకాశంలో చాలా కుటుంబాల లెక్క ఇదే. వలస పోయినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఇంకా దూరం పోయారు. అట్లా టెక్సస్ దాకా పోయి పండక్కి వచ్చిన ఒక అమ్మాయికీ, ఊళ్ళోనే ఉండిపోయిన ఆమె మేనత్తకీ జరిగిన వాదం ఇది. మేనత్త రిటైరైన సైన్సు టీచరు. 1990ల మొదట్లో రాత్రిబడి పెట్టి ఆడవాళ్ళ చేత అక్షరాలు దిద్దించిన మనిషి. అమ్మాయి సూట్‌కేసులో పెకాన్ పప్పుల పొట్లం తెచ్చి, పై చేసి పెడతానంది. మైదా, వెన్నతో చేసిన గుల్లలో గుడ్లు, పాకం, పప్పులు పోసి ఓవెన్లో గంటసేపు కాల్చే తీపి అది. మా వైపు బేకరీల్లో నేనైతే చూడలేదు. ఆమె రాసిచ్చిన సరుకుల చీటీలో ఆఖరి వరుస: విస్కీ, రెండు పెద్ద చెంచాలు. మధ్యమధ్య వచ్చిపోయిన చుట్టాల పలకరింపులు తీసేశాను, మిగతాది ఉన్నట్టే ఉంది.

అత్త: చీటీలోవన్నీ వచ్చినై. ఆఖరిది మాత్రం ఎవరూ తేలేదు. తేరు కూడా.

అమ్మాయి: రెండు చెంచాలే కదత్తా, 30 మిల్లీలీటర్లు. ఓవెన్ వేడికి మొత్తం ఆవిరైపోద్ది. వాసన తప్ప ఏం మిగలదు.

అత్త: ఆ మాట నాకు చెప్పమాక. సర్వీసంతా పిల్లలకి బాష్పీభవనం చెప్పినదాన్ని. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుద్ది, నీళ్ళు 100 దగ్గర. విడివిడిగా ఉంటే అంతే. పాకంలో, గుడ్డులో, వెన్నలో కలిసినాక నీళ్ళని వదిలిపెట్టి అదొక్కటే లేచిపోదు. పైన అట్ట కట్టినాక మరీ కష్టం. నీ దగ్గర లెక్కుందా, నోటిమాటేనా?

అమ్మాయి: ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టికే ఉంది. వంటలో కలిపి ఉడికించినా బేక్ చేసినా పావుగంటకి 40 శాతం మిగులుద్దంట. అరగంటకి 35, గంటకి 25. రెండున్నర గంటలు పొయ్యి మీదున్నా 5 శాతం ఉంటదని రాశారు.

అత్త: మరి ఏం మిగలదంటివి?

అమ్మాయి: అందరూ అనే మాట అనేశాలే. సరే, లెక్కే వేద్దాం. మన విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం. 30 మిల్లీలీటర్లలో 13కి కాస్త తక్కువ. గంట కాలితే పావొంతు, అంటే మూడు చిల్లర. దాన్ని ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకి అర మిల్లీలీటరు కూడా రాదు. పెద్ద బీరు సీసాలో 30 పైనే ఉంటదత్తా. ఈ ముక్క తిని తూలినోడు లోకంలో లేడు.

అత్త: తూలతారని నేనన్నానా? ముక్క లెక్క బానే వేశావు. సీసా లెక్క వెయ్యి. కొట్లో 30 మిల్లీలీటర్లు పోసిస్తారా?

అమ్మాయి: క్వార్టర్ తీసుకోవాలి. 180.

అత్త: 30 పైలో పడింది. 150 యాడికి పోద్ది?

అమ్మాయి: అలమరలో ఉంటది. మా ఇంట్లో వెనిల్లా సీసా పక్కనే ఉంటది, ఏడాది పొడుగునా. ఎవరూ దాని వైపు చూడను కూడా చూడరు.

అత్త: మీ ఇంట్లో. ఈ ఇంట్లో మీ తాత ఉన్నన్నాళ్ళూ అలమరలో సీసా నిలవలేదు. దగ్గుమందు కూడా నిలవలేదు. మీ నాన్న నీకు చెప్పి ఉండడు, చెప్పుకునే సంగతి కాదు. మీ నాయనమ్మ దీపావళికి దీపాల నూనె కూడా పక్కింట్లో దాచిపెట్టేది, అమ్ముకుంటాడని.

అమ్మాయి: తాత పోయి ఎన్నేళ్ళైందత్తా.

అత్త: తాత పోయాడు. సందులో మగాళ్ళు పోయారా? వారుణి వాహిని అని పేరు పెట్టి సర్కారే ప్లాస్టిక్ ప్యాకెట్లలో సారా పంపిన రోజులు నేను చూశా. మంచినీళ్ళకి బిందె పట్టుకుని కోసుల దూరం పోయేవాళ్ళం, పోయి తెచ్చుకున్నవీ ఫ్లోరైడు నీళ్ళే. సారా మాత్రం గుమ్మంలోకొచ్చేది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత వాచకంలో తాగుడు మీద పాఠం పెట్టారు. చదువుకున్న ఆడవాళ్ళు ఊరుకుంటారా? 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ముందు నిలబడ్డ రోశమ్మ పేరు దేశమంతా మోగింది. ఆ పైన సారా పాటలు జరగనిస్తే ఒట్టు. వేలం పెట్టడం, ఆడవాళ్ళు అడ్డం పడటం, వాయిదా వెయ్యడం. మన వైపుకీ పాకింది, మేమూ కొట్టు ముందు కూర్చున్నాం. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్. 1995 జనవరి 16 నుంచి రామారావు మొత్తం మద్యమే ఆపాడు. 1997లో మళ్ళీ తెరిచారనుకో.

అమ్మాయి: ఆ రెండేళ్ళూ నాటుసారా కాయలేదా? పక్క రాష్ట్రం సీసాలు రాలేదా?

అత్త: కాశారు, వచ్చినై. కాదని ఎవరన్నారు? తాగేవాళ్ళు తాగారు. కానీ కూలి డబ్బులు చేతిలో పడ్డ మనిషి ఇంటికొచ్చే దారిలో కొట్టు లేదు. ఆ తేడా ఎంతో జీతం రాళ్ళు లెక్కపెట్టుకున్న ఆడదానికి తెలుసు. ఆ తర్వాత 2019లో సర్కారే షాపులు పెట్టింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు వాళ్ళకిచ్చింది. బోర్డులు మారినై.

అమ్మాయి: అత్తా, ఒక మాటంటా, కోపం తెచ్చుకోకు. మీరు కొట్టు ముందు కూర్చున్నది దేనికి? ఇంట్లోకి ఏది రావాలో, ఏది రాకూడదో ఆడదాని మాట కూడా చెల్లాలని. ఇప్పుడు నేను చెప్తున్నదీ అదే కదా. సీసా అంటే మగాళ్ళది, ఆడది చూస్తే మొహం తిప్పుకోవాలి అంటే, దాన్ని వాళ్ళకే రాసిచ్చినట్టు. నా వంటింట్లో అది యాలకుల డబ్బా పక్కనుండే సరుకు. రెండు చెంచాలు పోసి మూత పెడతా. నీకు భయం వేసే వస్తువు నాకు వెయ్యకపోతే అది మీరు గెలిచినట్టు కాదా?

(ఈ మాటకి అత్త వెంటనే జవాబివ్వలేదు. లేచి వెళ్ళి వేరుశెనగల మూకుడు కింద మంట తగ్గించి వచ్చింది. నా మటుకు, అమ్మాయి ఆ రోజు మాట్లాడినవాటిలో గట్టి మాట ఇదే.)

అత్త: గెలిచామో లేదో గానీ, నీకు భయం లేకపోవడం నాకు బానే ఉంది. అయితే నీ వంటిల్లు నీ ఒక్కదానిది. ఇక్కడ పై కోసిన గంటకి నాలుగిళ్ళకి పళ్ళేలు పోతాయి. ఎడం పక్క ముస్లింల ఇల్లు. రంజానుకి వాళ్ళ సేమ్యా మనం తింటాం, సంక్రాంతికి మన అరిసెలు వాళ్ళు తింటారు. పళ్ళెం తీసుకునేటప్పుడు ఇందులో ఏముందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఎదురింటాయన మకరజ్యోతికి మాల వేసుకున్నాడు. మూడోది వీధి చివర పిల్లోడు. ఏడాదిగా మానేశాడు. మాత్ర వేసుకుంటున్నాడు, డైసల్ఫిరామ్.

అమ్మాయి: అది వేసుకుంటే తాగుడు పడదు కదా?

అత్త: పడకపోవడం కాదు, తిరగబడుద్ది. ఆల్కహాలు ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అవుద్ది, ఆ తర్వాత అది విరుగుద్ది. ఈ మాత్ర ఆ విరగడాన్ని ఆపుద్ది. మొహం కందిపోవడం, వాంతి, గుండెదడ. దగ్గుమందు, వెనిగరు వేసిన సాసు కూడా చూసి తినమంటారు డాక్టర్లు. నీ అర మిల్లీలీటరు వాడికి ఏం చేస్తదో, ఏం చెయ్యదో నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవా?

అమ్మాయి: చెప్పలేను.

అత్త: చెప్పకుండా పంపగలవా?

అమ్మాయి: చెప్పే పంపిస్తా. ప్రతి ఇంటికీ.

అత్త: పళ్ళెం పట్టుకుపోయేది ఏడేళ్ళ బుడ్డోడు. వాడు దారిలో ముక్క అంచు కొరుక్కుతింటాడే గాని, నీ చీటీ చదివి వినిపిస్తాడా?

అమ్మాయి: సరే. విస్కీ పడ్డ పై గడప దాటదు. ఒప్పుకున్నా.

అత్త: ఇప్పుడు చెప్పు, అసలు తీపిలో మందెందుకు?

అమ్మాయి: ఈ పైలో చిక్కంతా తీపితోనే. అమెరికాలో వాళ్ళు కప్పు మొక్కజొన్న సిరప్, కప్పు పంచదార, మూడు గుడ్లు వేస్తారు. కారో అని 1902 నుంచి ఉన్న సిరప్. ఆ కంపెనీ వాళ్ళే 1930ల్లో ఈ వంటకాన్ని అచ్చేసి ప్రచారం చేసి ఇంటింటికీ చేర్చారు. సిరప్ కంపెనీ రాసిన వంట ఎట్టుంటది? రెండో ముక్క నోట పెట్టలేం. అందుకని దక్షిణ రాష్ట్రాల వాళ్ళు బోర్బన్ పోస్తారు. అది కనీసం 51 శాతం మొక్కజొన్నతో తీసి, లోపలంతా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవబెట్టే విస్కీ. కాలిన చెక్క నుంచి వెనిల్లా వాసన, మాడిన చక్కెర వాసన దిగుతాయి. ఆ ఘాటుకి తీపి కాస్త తగ్గినట్టుంటది. కెంటకీలో గుర్రప్పందేల సీజన్లో అక్రోటు, చాక్లెట్ పై తింటారు. 1954లో ఒక హోటల్ వాళ్ళు మొదలుపెట్టారు, డెర్బీ పై అని. ఆ పేరు వాళ్ళ ట్రేడ్‌మార్కు. ఇంకెవరైనా ఆ పేరు వాడితే కోర్టుకీడుస్తారు. అందుకే మిగతావాళ్ళు బోర్బన్ పోసి వేరే పేర్లు పెట్టుకుంటారు.

అత్త: బాగుంది. కాలిన పీపా వాసన కావాలి నీకు. మన క్వార్టర్‌లో అది ఉంటదా?

అమ్మాయి: చవక వాటిల్లో... అంతగా ఉండదు. ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. కాస్త మాల్ట్ కలుపుతారు, రంగుకి కారమెల్ వేస్తారు.

అత్త: చెరకు మడ్డి. ప్యాకెట్లో సారా వచ్చిందీ దాంట్లోంచే.

అమ్మాయి: అవును.

అత్త: అంటే నీకు కావాల్సింది అందులో లేదు. నేను వద్దన్నది మాత్రం నిండా ఉంది.

అమ్మాయి: మంచివి లేకపోలేదత్తా. బెంగళూరు అమృత్ వాళ్ళు 2004లో గ్లాస్గో పట్టుకెళ్ళి సింగిల్ మాల్ట్ అమ్మారు. బార్లీతో కాచి, ఓక్ పీపాల్లో పెట్టింది.

అత్త: ఎంతుంటది?

అమ్మాయి: వేలల్లో.

అత్త: రెండు చెంచాలకి.

(అమ్మాయి నవ్వేసింది. పప్పుల పొట్లం విప్పితే సగమే ఉంది. పిల్లలు ముందురోజే కనిపెట్టారు.)

అత్త: ఈ పెకాన్లు మాత్రం రుచిగానే ఉన్నై. నేనూ నాలుగు తిన్నా.

అమ్మాయి: తెలుసు. వీటికి పెద్ద కథే ఉంది. మిసిసిపీ లోయలో అడివి చెట్లివి. ఒక చెట్టు కాయ ఇంకో చెట్టుకి రాదు. 1846, 47 ప్రాంతంలో లూసియానాలో ఓక్ ఆలీ అనే తోటలో ఆంటువాన్ అని ఒక బానిస, తోటమాలి, పల్చటి పెంకు కాయ కాసే కొమ్మని అంటుకట్టి బతికించాడు. అంతకుముందు ఎవరికీ కుదరలేదంటారు. ఆ రకం 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి కొట్టింది, సెంటెనియల్ అని పేరు పెట్టారు.

అత్త: ఆయనకి?

అమ్మాయి: ఆయన ఇంటిపేరు కూడా కాగితాల్లో లేదు.

అత్త: ఊఁ. సగం పొట్లమే ఉంది కాబట్టి మిగతా సగానికి శెనక్కాయలు పోస్తున్నా. పెకాన్ల ముందు తక్కువని అనమాక. ఇదీ అమెరికా నుంచి దిగిందే, దక్షిణం వైపు నుంచి. జీడిపప్పూ అంతే, బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చింది.

అమ్మాయి: అననులే. వర్జీనియా వైపు వేరుశెనగ పై చేస్తారు కూడా. కాకపోతే పెకాన్లో నూనె నూటికి 70 దాటుద్ది, వేరుశెనగలో 50 లోపు. పెకాన్ పచ్చిది వేసినా మెత్తగా కలిసిపోద్ది. శెనక్కాయలు ముందే ఎర్రగా వేయించి, పొట్టు చెరిగి వెయ్యాలి.

అత్త: వేయించడం నాకు చెప్తావా? నల్లమల సారపప్పు గుప్పెడుంది, అదీ వేద్దాం. చెంచులు ఏరి తెచ్చిన సరుకు. పాకం సంగతి చూడు. నీ మొక్కజొన్న సిరప్ మార్కాపురంలో దొరికేదేం కాదు.

అమ్మాయి: బెల్లం కరిగిద్దామనుకున్నా. ఆ సిరప్‌ది ఒకటే పని, పంచదార పలుకు కట్టకుండా ఆపడం. బెల్లం కూడా తొందరగా పలుకు కట్టదు.

అత్త: తాటిబెల్లం వెయ్యి. పొయ్యి మీద కాగిన బెల్లం, పొగ వాసన దాంట్లోనే ఉంటది. నీళ్ళు కొంచెమే పోసి కరిగించు, పలచని గుడ్డలో వడకట్టు. అడుగున ఇసుక ఎంత తేలుద్దో చూడు. ఆ ఒక్క పలుకు పంటి కింద పడితే నీ విస్కీ కూడా కాపాడలేదు. తీపి తగ్గాలంటివి కదా, అర నిమ్మచెక్క పిండు, చిటికెడు ఉప్పు వెయ్యి. ఘాటు కావాలంటే చెంచాడు చిక్కటి కాఫీ డికాషన్. చల్లారినాకే గుడ్లు కలుపు. వేడి మీద పోశావంటే తీపి గుడ్డు పొరటు తింటాం.

అమ్మాయి: బాగుంటదత్తా, కాదనను. కానీ అది వేరే పై. ఆల్కహాలు చేసే పని నిమ్మకాయ చెయ్యదు. వాసనల్లో కొన్ని నీళ్ళలో కలవవు, దాంట్లోనే కలుస్తాయి, నోట్లో పడగానే దాంతోపాటు ముక్కుకి లేస్తాయి. వెనిల్లా ఎసెన్సు అసలుదైతే 35 శాతం ఆల్కహాలు ఉండాలని అమెరికాలో చట్టమే ఉంది. దాన్ని వద్దంటామా? తలశ్శేరిలో 1883లో మాంబళ్ళి బాపు మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు చేశాడని చెప్పుకుంటారు. బ్రాందీకి బదులు స్థానికంగా కాచిన సారాయే కలిపాడంట. నువ్వు డిసెంబరులో రెండు ముక్కలు తిన్న కేకు దాని మనవరాలే.

అత్త: నేను తిన్న కేకులో అది ఉందో, వట్టి ఎసెన్సే ఉందో చేసినోడికే తెలియాలి. అయినా ఆ సీసా మా ఇంట్లో లేదుగా. నేను మొదట్నుంచీ అడుగుతున్నది ఒకటే. ఆ 150.

అమ్మాయి: సరే, అడుగుతున్నావు కాబట్టి నువ్వూ చెప్పు. నీ మంచం పక్క గూట్లో దశమూలారిష్టం ఉంది. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు కదా. సీసా మీద చదివా, అందులోనే పుట్టిన ఆల్కహాలు నూటికి అయిదు నుంచి పది. బీరు కంటే తక్కువేం కాదు. అది ఎన్నాళ్ళుగా ఉంది?

అత్త: ...వైద్యుడు రాసిచ్చింది. రెండు పూటలా మూడు చెంచాలు, సమానంగా నీళ్ళు కలిపి.

అమ్మాయి: వారానికి ఎన్ని చెంచాలైంది టీచరమ్మగారూ?

అత్త: నోర్ముయ్. అది చేదు. దాన్ని ఎవడూ దొంగిలించడు.

అమ్మాయి: ఆఁ, అక్కడికే వస్తున్నా. క్వార్టర్‌లో 30 తీసిన పూటే మిగతా 150లో రెండు వెనిల్లా కాయలు చీల్చి వేసేస్తా. రెండు మూడు నెలలకి ఇంట్లో చేసిన వెనిల్లా ఎసెన్సు. ఏడాదిపాటు పాయసానికీ కేకుకీ చుక్కలు చుక్కలుగా వాడుకోవచ్చు. చక్కెర లేకుండా అది నీ అరిష్టం కంటే చేదు.

అత్త: మొదటి వారం చేదెక్కదుగా. అప్పుడు వాసన కూడా బావుంటదేమో.

అమ్మాయి: ఆ వారం నీ గూట్లో పెట్టుకో, తాళం వేసి.

అత్త: సీసా మీద లేబులో?

అమ్మాయి: చించేసి వెనిల్లా అని రాస్తా.

అత్త: చించమాక. లేబుల్ చించిన సీసా ఈ ఇంట్లో చాలా చూశాం. ఉన్న లేబుల్ ఉండనియ్యి, దాని మీదే పెద్దక్షరాలతో రాయి, ఎప్పుడు వేశావో తేదీతో సహా. వచ్చినోడు చదువుకుంటాడు. ఇంతకీ ఆ కాయలేవి?

అమ్మాయి: వెనిల్లా కాయలా? ఇక్కడ దొరకవు. ఆన్‌లైన్లో పెడితే కేరళ నుంచో, కర్ణాటక నుంచో వారంలో వస్తాయి.

అత్త: అయితే వారం దాకా సీసా కొనేది లేదు. ముందు కాయలు రానీ.

అమ్మాయి: పండగ ఎల్లుండే కదత్తా!

అత్త: పండక్కి ఇది చేసుకుందాం. తాటిబెల్లం, శెనక్కాయలు, ఉన్న పెకాన్లు. నాలుగిళ్ళకీ పంపొచ్చు. నీ విస్కీ పై వచ్చే వారం, మనింట్లోకి మాత్రమే, మీ మామయ్యకి ముక్క కోసేది నేను. కరెంటు ఎప్పుడు పోద్దో కనుక్కో ముందు. ఇన్వర్టరు ఓవెన్ని లాగదు.

అమ్మాయి: మధ్యలో పోతే గుడ్లు గట్టిపడవు. నడిమధ్య 93 డిగ్రీలు రావాలి.

అత్త: పొద్దున్నే పెడదాం, అప్పుడు పోదు. ఆ పిండి ఏందట్టా చేస్తున్నావు?

అమ్మాయి: వెన్న మైదాలో నలుపుతున్నా. శెనగబద్దంత ముక్కలు అక్కడక్కడా మిగలాలి. వెన్నలో ఉన్న నీళ్ళు ఓవెన్లో ఆవిరై పొరలు లేపుతాయి. నెయ్యి వేస్తే ఆ నీళ్ళుండవు, పొరలు రావు.

అత్త: నీ గిన్నెలో శెనగబద్దలు యాడున్నై? అంతా జిడ్డైపోయింది. నీ చేతులు వేడి. ఇటివ్వు, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి నేను కలుపుతా. నువ్వు పోయి బెల్లం వడకట్టు.